బొమ్మ అంతరిక్ష నౌకలు: ఆ డిజైన్లు నిజంగా పనిచేస్తాయా?

విశాఖలో పూర్ణా మార్కెట్‌లోనో జగదాంబ దగ్గరో బొమ్మల షాపుకి వెళ్ళి రాకెట్ కావాలంటే రెండు రకాలు చూపిస్తారు. ఒకటి నిజంగా ఉన్న వాహనానికి చిన్న రూపం: పీఎస్ఎల్‌వీ, విక్రమ్ ల్యాండర్, అమెరికా వాళ్ళ షటిల్. రెండోది ఎవరో కూర్చుని ఊహించినది. దానికి రెక్కలుంటాయి, ముందు పెద్ద గాజు డోమ్ ఉంటుంది, వెనక మూడు ఇంజన్లు, నొక్కితే ఎర్ర లైటు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగాక ఆ రోజును జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరుపుకుంటున్నాం. బడిలో దాని గురించి విని వచ్చిన పిల్లలు ఈ రెండో రకం బొమ్మ పట్టుకుని "ఇది నిజంగా ఎగురుతుందా?" అని అడుగుతారు.

దీనికి ఇంట్లో సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. "బొమ్మే కదా, ఆడుకో" అనేది ఒకటి. "ఇదంతా ఉత్తిదే, అలాంటివి ఉండవు" అనేది ఇంకోటి. రెండూ బొమ్మ వైపు చూడకుండా చెప్పే జవాబులే. నిజానికి అదే బొమ్మలో ఒక భాగం చక్కగా పనికొస్తుంది, ఇంకో భాగం అసలు కుదరదు, మూడోది ఎక్కడ తిరుగుతుందో చెబితే గానీ తేలదు. అందుకే భాగాలవారీగా చూద్దాం.

"పనిచేస్తుందా" అంటే మన అర్థం ఏమిటి?

నమూనా బొమ్మని అసలుతో పోల్చి చూస్తే సరిపోతుంది. ఊహా నౌకకి పోల్చడానికి అసలు లేదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు: ఇదే ఆకారంలో నిజమైన నౌక కడితే, అది చేస్తానన్న పని చేయగలదా?

ఇక్కడ మూడు స్థాయిలు గుర్తుపెట్టుకోవాలి. భౌతిక శాస్త్రమే ఒప్పుకోనివి కొన్ని. ఒప్పుకున్నా బరువు దండగ అయ్యేవి కొన్ని. ఇప్పటిదాకా ఎవరూ కట్టలేదు గానీ కడితే తప్పేమీ లేనివి కొన్ని. బొమ్మల్లో ఎక్కువ భాగం రెండో స్థాయిలో ఉంటాయి. "ఇది అసాధ్యం" అని కొట్టిపారేసేవాళ్ళు ఈ తేడా గమనించరు.

ఇంకో మాట. నౌక ఎక్కడ తిరుగుతుందో తెలియకుండా ఏ భాగం గురించీ తీర్పు చెప్పలేం. నేల నుంచి కక్ష్యకి వెళ్ళేదా, కక్ష్యలోనే ఉండేదా, చంద్రుడి మీద దిగేదా, తిరిగి భూమికి వచ్చేదా? బొమ్మ డబ్బా మీద ఈ నాలుగూ చేస్తుందని రాస్తారు. చిక్కు మొదలయ్యేది అక్కడే.

రెక్కలు: గాలి ఉన్నచోటే పని

రెక్క పనిచేయడానికి గాలి కావాలి. బీచ్ రోడ్డులో ఉన్న టీయూ-142 విమానాన్ని చూడండి. వెనక్కి వంగిన అంత పొడవాటి రెక్కలు దానికి ఎందుకంటే, వాటి చుట్టూ గాలి పారితేనే ఆ బరువు పైకి లేస్తుంది. నేల నుంచి 100 కిలోమీటర్లు దాటాక రెక్కని మోసేంత గాలి ఉండదు. అక్కడ రెక్క ఉత్త బరువే.

మరి షటిల్‌కి రెక్కలెందుకు? 1981 నుంచి 2011 దాకా ఎగిరిన ఆ నౌక తిరుగు ప్రయాణంలో గాలిలోకి వచ్చి, గ్లైడర్‌లా రన్‌వే మీద దిగేది. మన ఇస్రో పరీక్షించిన పుష్పక్ నౌక రెక్కలూ అందుకే. 2016 మే 23న బంగాళాఖాతం మీద జరిగిన తొలి పరీక్ష తర్వాత, 2023, 2024లో చిత్రదుర్గ దగ్గర హెలికాప్టర్ నుంచి వదిలితే అది దానంతటదే రన్‌వే మీద దిగింది. చివరి పరీక్షలో దిగే వేగం గంటకి 320 కిలోమీటర్లు దాటింది.

కాబట్టి బొమ్మకి రెక్కలుంటే వెంటనే దాని పొట్ట కింద చూడాలి. చక్రాలుంటే, పొట్ట బల్లపరుపుగా ఉంటే ఆ డిజైనర్ ఆలోచించాడన్నమాట. రెక్కలుండి, కింద చంద్రుడి మీద దిగే కాళ్ళుంటే మాత్రం రెండు వేర్వేరు ప్రయాణాల్ని ఒకే ఒంటికి అతికించినట్టే. చంద్రుడి మీద గాలి లేదు.

లెగో వాళ్ళు 1978లో మొదలుపెట్టిన అంతరిక్ష బొమ్మల్లో బాగా పేరున్నది గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్. 2022లో దాన్ని మళ్ళీ కొత్తగా తెచ్చారు కూడా. త్రిభుజం రెక్కలు, పసుపురంగు గాజు, వెనక తలుపు తీస్తే లోపల చిన్న రోవర్, అంటే నేల మీద తిరిగే చక్రాల బండి. గాలి లేని నేల మీద తిరిగే కథకి రెక్కలు కుదరవు. కానీ రోవర్‌ని నేలకి దగ్గరగా, వెనక తలుపు నుంచి దించడం మంచి ఆలోచన. చంద్రయాన్-3లోని విక్రమ్ కూడా ప్రజ్ఞాన్ రోవర్‌ని ర్యాంప్ మీదుగానే దించింది. ఒకే బొమ్మలో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు.

ఇంధనం ఎక్కడ పెట్టారు?

ఊహా నౌకల్లో ఎక్కువగా దొరికే లోపం ఇది. బొమ్మని తెరిస్తే పైలట్ సీటు, సామాన్ల గది, వెనక ఇంజన్లు కనిపిస్తాయి. ట్యాంకు కనిపించదు.

రాకెట్ ముందుకు వెళ్ళేది తనలోంచి పదార్థాన్ని వేగంగా వెనక్కి తోసి. ఎంత వేగం కావాలంటే ఎంత ఇంధనం మోయాలో చెప్పే సూత్రాన్ని రష్యా శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించారు. దాన్నే ఒక లెక్కగా చూద్దాం.

నేల నుంచి భూకక్ష్యకి చేరడానికి, గాలి నిరోధం, గురుత్వాకర్షణ వల్ల పోయేది కూడా కలుపుకుంటే, సెకనుకి సుమారు 9.4 కిలోమీటర్ల వేగం కావాలి. ఇంజన్ నుంచి వాయువులు సెకనుకి 3 కిలోమీటర్ల వేగంతో బయటికి వస్తాయనుకుందాం. మామూలు రాకెట్ ఇంధనాలకి ఇది దగ్గర సంఖ్యే. సూత్రం ప్రకారం బయలుదేరేటప్పటి బరువు, చివర మిగిలే బరువుకి 23 రెట్లు ఉండాలి. అంటే 23 టన్నుల నౌకలో 22 టన్నులు ఇంధనం, దాన్ని మండించే ఆక్సీకరణి. మిగిలిన ఒక్క టన్నులోనే ట్యాంకు గోడలు, ఇంజన్లు, సీట్లు, మనుషులు అన్నీ రావాలి.

అది కుదరదు కాబట్టే రాకెట్‌ని అంచెలుగా కట్టి, ఖాళీ అయిన అంచెని వదిలేస్తారు. పీఎస్ఎల్‌వీ 44 మీటర్ల ఎత్తు, 320 టన్నుల బరువు, నాలుగు అంచెలు. ధ్రువ కక్ష్యకి అది చేర్చగలిగేది సుమారు 1,750 కిలోలు. మిగతాదంతా ఆ కొంచెం కోసం.

ఇప్పుడు అదే లెక్క కథ మార్చి వేద్దాం. నౌక ఇప్పటికే కక్ష్యలో ఉంది, అక్కడి నుంచి చంద్రుడి వైపు బయలుదేరాలి. కావాల్సింది సెకనుకి సుమారు 3.1 కిలోమీటర్లు. నిష్పత్తి 2.8కి తగ్గుతుంది, నౌకలో మూడింట రెండు వంతులకి కాస్త తక్కువ ఇంధనం సరిపోతుంది. కక్ష్యలోనే ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి తిరిగే చిన్న పడవ లాంటిదైతే, సెకనుకి అర కిలోమీటర్ చాలనుకుంటే, 15 శాతం ఇంధనంతో పని జరిగిపోతుంది. సీటు వెనక చిన్న ట్యాంకు ఉన్న బొమ్మ అప్పుడు తప్పు కాదు. ఆకారం మారలేదు, మారింది డబ్బా మీద రాసిన కథే.

పెద్ద గాజు డోమ్, కుర్సురా గోడలు

మనిషి ఊపిరి పీల్చాలంటే నౌక లోపల గాలి పీడనం ఉండాలి, బయట ఏమీ లేదు. సముద్ర మట్టం దగ్గర ఉండే పీడనమే లోపల పెడితే, ప్రతి చదరపు మీటరు గోడ మీద దాదాపు 10 టన్నుల బరువంత బలం బయటికి నెడుతూ ఉంటుంది. బొమ్మ నౌకకి పెట్టిన పెద్ద డోమ్ నిజం సైజులో నాలుగు చదరపు మీటర్లు ఉంటే 40 టన్నులు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2010లో బిగించిన క్యూపోలా అనే చిన్న గదికి ఏడు కిటికీలున్నాయి. మధ్యలోది గుండ్రంగా, 80 సెంటీమీటర్ల వెడల్పు. ఆ ఒక్క అద్దం మీదే 5 టన్నుల ఒత్తిడి. అందుకే మందపాటి పొరలు, బయట ధూళి రేణువులు తగలకుండా మూసుకునే తలుపులు. అంటే పెద్ద కిటికీ అసాధ్యమేమీ కాదు, దానికి బరువు రూపంలో ధర కట్టాలి, అంతే.

విశాఖ వాళ్ళకి పీడనం అంటే ఏమిటో చూపించడానికి బీచ్ రోడ్డులో ఐఎన్ఎస్ కుర్సురా ఉంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన ఈ 91 మీటర్ల జలాంతర్గామిని 2002 నుంచి మ్యూజియంగా చూపిస్తున్నారు. 200 మీటర్ల లోతులో దాని ఒంటి మీద వాతావరణ పీడనానికి 20 రెట్లు అదనపు ఒత్తిడి, అదీ లోపలికి. అంతరిక్ష నౌక మీద ఒక్క రెట్టే, బయటికి. ఆ లెక్కన అంతరిక్ష నౌక పని సులువు, గోడలు చాలా పల్చగా ఉండొచ్చు. అపోలో చంద్ర నౌక గోడలు కొన్నిచోట్ల మిల్లీమీటరులో మూడో వంతు మందమే.

కుర్సురాలో చూడాల్సింది గోడ ఒక్కటే కాదు. లోపల నడుస్తుంటే రెండు పక్కలా గొట్టాలు, వాల్వులు, మీటర్లు, తీగలు, వాటి మధ్యే పడుకునే బల్లలు. భుజం తగలకుండా నడవడం కష్టం. దాదాపు 75 మంది నెలల తరబడి బతకడానికి కావాల్సిన యంత్రాలన్నీ అక్కడే ఉండాలి మరి. బొమ్మ నౌకల లోపల గదులు విశాలంగా, గోడలు నున్నగా ఉంటాయి. గాలి శుభ్రం చేసే యంత్రం, నీళ్ళు, కరెంటు, వీటిలో దేనికీ చోటు వదలరు. దీన్ని నేను పెద్ద లోపంగానే చూస్తాను. లోపలి గొట్టాలు చూపిస్తే పిల్లలకి విసుగొస్తుందనుకోవడం పొరపాటు. కుర్సురాలోకి వెళ్ళిన ఏ పిల్లవాడైనా ముందు చేయి పెట్టేది వాల్వు చక్రం మీదే.

అసలు మరిచిపోయేది: వేడి

అంతరిక్షం చల్లన కాబట్టి నౌక దానంతటదే చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దాదాపు దీనికి వ్యతిరేకం. వేడి ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడానికి బడిలో మూడు దారులు చెప్పారు: వహనం, సంవహనం, వికిరణం. మొదటి రెండిటికీ పక్కన ఏదో ఒక పదార్థం ఉండాలి. శూన్యంలో అది లేదు. మిగిలింది వికిరణం, అంటే వేడిని కిరణాల రూపంలో బయటికి పంపడం. ఆ దారి ఇరుకు.

ఎంత ఇరుకో చూద్దాం. 27 డిగ్రీల వేడిలో ఉన్న పలక, ఎంత బాగా చేసినా, చదరపు మీటరుకి సుమారు 460 వాట్లు మాత్రమే బయటికి పంపగలదు. నౌకలో నలుగురున్నారు. ఒక్కొక్కరి ఒంటి నుంచి వచ్చే వేడి సుమారు 100 వాట్లు. యంత్రాల వేడి 5,000 వాట్లు అనుకుందాం. మొత్తం 5,400. కావాల్సిన పలక దాదాపు 12 చదరపు మీటర్లు. ఎండ దాని మీద పడితే ఇంకా పెద్దది కావాలి.

ఇక బొమ్మ డబ్బా మీద "అణు ఇంజన్" అని రాస్తే లెక్క ఎక్కడికో పోతుంది. 20 మెగావాట్ల వృథా వేడిని 27 డిగ్రీల పలకలతో వదిలించుకోవాలంటే 43,000 చదరపు మీటర్లకి పైగా కావాలి. అదే పలకల్ని 727 డిగ్రీల దాకా వేడెక్కనిస్తే 350 చదరపు మీటర్లు చాలు. వేడి పెరిగేకొద్దీ పలక వికిరణం అంత వేగంగా పెరుగుతుంది. అణు నౌకని నిజాయితీగా గీస్తే కంటికి ముందు కనిపించేది ఇంజన్ కాదు, ఎర్రగా కాలే ఆ పలకలే.

అంతరిక్ష కేంద్రం ఫొటోల్లో బంగారు, నీలం సోలార్ పలకల మధ్య తెల్లటి మడత పలకలు కనిపిస్తాయే, అవే రేడియేటర్లు. వాటిలో అమ్మోనియా ప్రవహిస్తూ లోపలి వేడిని మోసుకొస్తుంది. షటిల్‌కైతే ఈ పలకలు సామాన్ల గది తలుపుల లోపలి వైపు ఉండేవి. అందుకే కక్ష్యకి చేరగానే ఆ తలుపులు తెరిచేవాళ్ళు. షటిల్ బొమ్మల్లో తెరుచుకునే తలుపులు పిల్లల సరదాకి పెట్టినట్టు కనిపిస్తాయి గానీ, నిజం నౌకలో అవి తెరుచుకోకపోతే ప్రయాణం ఆపుకుని వెనక్కి రావాల్సిందే.

ఇక్కడ ఊహా బొమ్మలకి ఒక మంచి దారి దొరుకుతుంది. ఇందాక పనికిరావన్న రెక్కల్ని మళ్ళీ చూడండి. పల్చగా, వెడల్పుగా, ఒంటి నుంచి దూరంగా చాచి ఉన్న పలకలు. రేడియేటర్‌కి కావాల్సిన ఆకారం సరిగ్గా ఇదే. తెల్ల రంగు వేసి, అంచు సూర్యుడి వైపు తిప్పి ఉంచితే కక్ష్యలోనే తిరిగే నౌకకి ఆ "రెక్కలు" పూర్తిగా అర్థవంతమైన భాగం.

థ్రస్ట్ గీత, ఏటికొప్పాక లేత్ మిషన్

ఇంజన్ నెట్టే బలాన్ని థ్రస్ట్ అంటారు. ఆ బలం గీత నౌక గరిమనాభి గుండా, అంటే బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసే బిందువు గుండా పోవాలి. పోకపోతే, ఒక అంచు దగ్గర పట్టుకుని నెట్టిన బీరువాలా నౌక ముందుకు పోకుండా తిరిగిపోతుంది. పైన భారీ గది, కింద మూలన ఇంజన్ ఉన్న బొమ్మలు ఈ పరీక్షలో తప్పుతాయి. అయితే షటిల్ కూడా పక్కకి అతికించిన ఆకారమే. దాని ఇంజన్లు ఏటవాలుగా బిగించి, మూతిని ఎటు కావాలంటే అటు తిప్పుకునేలా చేశారు కాబట్టి కుదిరింది. సాధ్యమే, కష్టపడాలి.

ఈ విషయంలో ఏటికొప్పాక చెక్క బొమ్మల పద్ధతి నాకు చాలా ఇష్టం. అంకుడు కర్రని లేత్ మిషన్ మీద తిప్పుతూ చెక్కి, తిరుగుతున్న కర్రకే రంగు లక్క పట్టిస్తారు. అలా చేసిన ముక్క ఏదైనా తన ఇరుసు చుట్టూ అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. అంటే దాని గరిమనాభి ఇరుసు మీదే ఉంటుంది. పీడనాన్ని తట్టుకోవడానికి మంచి ఆకారాలైన గోళం, స్తూపం కూడా లేత్ మీద సహజంగా వచ్చేవే. అచ్చులో పోసే ప్లాస్టిక్‌కి ఏ ఆకారమైనా ఒకటే, అందుకే అందులో తప్పుకి చోటు ఎక్కువ. లేత్ మీద చేసిన రాకెట్ తప్పుగా చేయడమే కష్టం.

కాళ్ళ మీద నిలబడే నౌకలు

పాత రేకు బొమ్మల్లో రాకెట్ తోక మీద నిలువుగా దిగేది. అలాంటిది జరగదని చాలాకాలం అనేవాళ్ళు. 2015 డిసెంబర్‌లో అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్-9 మొదటి అంచె కక్ష్య ప్రయోగం తర్వాత అలాగే వచ్చి నిలబడింది. ఆకారం మారలేదు, దాన్ని నడిపే కంప్యూటర్లు, ఇంజన్లు మారాయి.

చంద్రుడి మీద మాత్రం పొడుగు, పొట్టి వాదన ఇంకా తేలలేదు. 2024 ఫిబ్రవరిలో దిగిన ఒడిస్సియస్, 2025 మార్చిలో దిగిన ఎథీనా, రెండూ అమెరికా ప్రైవేటు కంపెనీ పంపిన పొడవాటి ల్యాండర్లే, రెండూ పక్కకి ఒరిగిపోయాయి. విక్రమ్ 2 మీటర్ల వెడల్పు పెట్టె, ఎత్తు అంతకంటే తక్కువ. అది నిలబడింది. పొడుగు మంచిదనేవాళ్ళ వాదన కూడా వినాలి. పొడవాటి ట్యాంకులు రాకెట్ ముక్కులో బాగా ఇముడుతాయి, ఎక్కువ ఇంధనం పడుతుంది. పైగా ఒడిస్సియస్ పడిపోవడానికి ఎత్తు ఒక్కటే కారణం కాదు. అది పక్కకి జారుతూ దిగింది, ఎత్తు కొలిచే పరికరం కూడా పనిచేయలేదు.

బొమ్మతోనే దీన్ని పరీక్షించొచ్చు. పాదాల మధ్య 10 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తు 10 సెంటీమీటర్లు ఉన్న బొమ్మని అట్ట మీద పెట్టి మెల్లగా వాల్చండి. సుమారు 27 డిగ్రీల దగ్గర పడిపోతుంది. అదే ఆకారం, అదే బరువు పంపిణీ ఉన్న నిజం నౌక చంద్రుడి వాలు మీద కూడా అదే కోణంలో పడుతుంది. నిశ్చలంగా ఉన్నదానికి గురుత్వాకర్షణ ఎంతన్నది లెక్కలోకి రాదు. జారుతూ దిగితే మాత్రం వస్తుంది. గరిమనాభి 2 మీటర్ల ఎత్తులో, పాదం అంచు 1 మీటరు దూరంలో ఉన్న ల్యాండర్‌ని సుమారుగా లెక్కేస్తే, భూమి మీద పడదోయడానికి సెకనుకి 2 మీటర్లకి పైగా పక్క వేగం కావాలి. చంద్రుడి మీద 0.9 మీటరు చాలు. మనం నడిచే వేగం కన్నా తక్కువ.

ఇంజన్ల బలం కూడా కథని బట్టే. విక్రమ్‌కి ఒక్కొక్కటి 800 న్యూటన్ల ఇంజన్లు నాలుగు, మొత్తం 3,200. దాని 1,752 కిలోలు చంద్రుడి మీద తూగేది సుమారు 2,840 న్యూటన్లు. భూమి మీదైతే 17,000 దాటుతుంది. అంటే ఆ ఇంజన్లతో విక్రమ్ ఇక్కడి నేల వదిలి లేవలేదు. బుల్లి ఇంజన్లున్న బొమ్మ ల్యాండర్‌ని చూసి నవ్వే ముందు ఏ నేల మీద అని అడగాలి.

తిరిగే చక్రం

తిప్పితే బరువు పుట్టే చక్రం స్టేషన్లు భౌతిక శాస్త్రం ప్రకారం సరైనవే. తేడా వచ్చేది సైజులో. 3 సెంటీమీటర్ల బొమ్మ మనిషికి 20 సెంటీమీటర్ల చక్రం ఇస్తే, నిజం సైజులో అది 11 మీటర్ల వెడల్పు. భూమి మీద ఉన్నంత బరువు రావాలంటే నిమిషానికి 12 చుట్లకి పైగా తిరగాలి. అప్పుడు తల దగ్గర బరువు పాదాల దగ్గర కన్నా 30 శాతం తక్కువ. తల తిప్పితే చాలు, కళ్ళు తిరుగుతాయి. నిమిషానికి 2 చుట్లతో సరిపెట్టాలంటే చక్రం 450 మీటర్ల వెడల్పు ఉండాలి.

బొమ్మ తయారీదారుల వైపు నుంచి

ఇన్ని తప్పులు పట్టాక వాళ్ళ పరిస్థితీ చూడాలి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలో ఏ ముక్కా 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న పరీక్ష గొట్టంలో పూర్తిగా ఇమిడిపోకూడదు, ఎందుకంటే అంత చిన్న ముక్క గొంతులో అడ్డుపడుతుంది. మొనలు గుచ్చుకోకూడదు. ఒక ప్లాస్టిక్ నౌకని దగ్గరగా చూస్తే ఈ నిబంధనల జాడ కనిపిస్తుంది: యాంటెనా చివర గుండు, చిటికెన వేలంత లావు కాళ్ళు, బ్యాటరీ మూతకి స్క్రూ, రెండు సగాలు అతికిన గీత. నిజం ల్యాండర్ కాళ్ళు అంత లావుండవు. కానీ ఆ లావు పిల్లవాడి భద్రత కోసం.

చేతిలో పట్టు కూడా ఒక కారణం. పిల్లవాడు నౌకని గాల్లో "జుయ్" మని తిప్పాలంటే నడుము సన్నగా, ముక్కు ముందుకి ఉండాలి. సాలెపురుగు లాంటి అపోలో చంద్ర నౌకని అలా తిప్పలేం. నున్నటి బొమ్మ విమానంలా ఉండటానికి అజ్ఞానం ఒక్కటే కారణం అనడం అన్యాయం.

అయితే ఈ వాదన అన్నిటికీ వర్తించదు. రెక్కకి తెల్ల రంగు వేసి దాని మీద గొట్టాల గీతలు గీయడానికి అదనపు అచ్చు అక్కర్లేదు. ట్యాంకులు గోళాలు కాబట్టి గుచ్చుకోవు, ఒక్కో గోళాన్ని పరీక్ష గొట్టం కన్నా పెద్దదిగా చేయొచ్చు, పైగా చేతికి పట్టు దొరుకుతుంది. కాళ్ళు ఎంత లావున్నా పాదాలు దూరంగా పెట్టొచ్చు. డబ్బా మీద "ఎక్కడికైనా వెళ్తుంది" అని రాసే బదులు "కక్ష్యలో తిరుగుతుంది" అని రాస్తే అచ్చు మార్చకుండానే సగం లోపాలు పోతాయి. ఇవి ఖర్చుతో కూడిన మార్పులు కావు, షాపులో కొనేవాళ్ళు అడిగితే రాగలిగినవి.